ముడి నర్సవ్వది, నూలు నాది

ఏడేళ్లుగా ఒక సంచి బరువు మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. మా ఊరి కొంతం చౌక్ మీదుగా రోజూ పోయేవాళ్లలో మీరు ఒకరు కారని నమ్మి రాస్తున్నాను. ఆ నమ్మకమూ పూర్తిగా లేదు. అందుకే పేరు రాయడం లేదు.

సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర నాకో కార్ఖానా ఉంది. ఆరు మగ్గాలు. తువ్వాళ్లు నేస్తాం. మగ్గాల కింద రోజూ నూలు ముక్కలు, అంచుల కత్తిరింపులు కుప్ప పడతాయి. ఇదివరకు వాటిని తగలబెట్టేవాళ్లం, లేదంటే మురుగు నాలాలో పారేసేవాళ్లం. సరిహద్దు అవతల, కర్ణాటక వైపు నుంచి ఒక మిల్లువాళ్లు వచ్చి, ఆ వేస్టు మాకివ్వండి, మళ్లీ నూలు వడికి మీకే పంపుతాం అన్నారు. రంగుల వారీగా ఏరి ఇస్తే మళ్లీ రంగు వేసే పని ఉండదు, ఆ నీళ్లన్నీ మిగులుతాయి. రోజు విడిచి రోజైనా నల్లా రాని ఊళ్లో నీళ్లు మిగలడమంటే మాటలా? భవాని పేట్ వాళ్లు, మా వైపు వాళ్లు కలిసి తొమ్మిది కార్ఖానాలు ఒప్పుకున్నాయి. షరతు ఒక్కటే. పత్తి నూలు మాత్రమే ఇవ్వాలి. ఎవరైనా పాలిస్టర్ నేస్తే ఆ మాట చెప్పి, ఆ వేస్టు వేరే సంచిలో వేయాలి. నేయడం తప్పు కాదు. చెప్పాలి, అంతే.

ఏరే పని నర్సవ్వకు ఇచ్చాం. బీడీలు చుట్టి చుట్టి పొగాకు దుమ్ముతో దగ్గు పట్టిన మనిషి. భర్త లేడు, ఇద్దరు మనవరాళ్లకు ఆమే ఆధారం. పోగును వేళ్ల మధ్య నలిపి ఏది పత్తో ఏది కాదో చెప్పేసేది. నిండిన సంచి మూతిని బీడీకి కట్టినట్టే కట్టేది. దారం రెండు చుట్లు తిప్పి, కొసను గోటితో లోపలికి దోపేది. ఆ ముడి ఉంటే మిల్లువాళ్లు సంచి విప్పి చూడటం కూడా మానేశారు. లారీ వచ్చేదాకా సంచులు నా కార్ఖానాలోనే ఉండేవి.

అప్పుడే ఒక వ్యాపారి నాకు పాలిస్టర్ కలిపిన తువ్వాళ్ల ఆర్డరు ఇచ్చాడు. చెప్పవచ్చు. చెబితే పక్క కార్ఖానా చంద్రయ్య వెళ్లి ఆ వ్యాపారి గుమ్మంలో వాలిపోతాడనిపించింది. చంద్రయ్య అంతకుముందు నాకు ఏ అపకారమూ చేయలేదు. చేయకపోవడమే నాకు అనుమానంగా ఉండేది. ఆ వేస్టు తగలబెడదామంటే వాసనకే పక్కవాళ్లకు తెలిసిపోతుంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. పనివాళ్లు తిండికి వెళ్లారు. నర్సవ్వ కట్టిన సంచి ఒకటి విప్పి, నా పాలిస్టర్ వేస్టు నడి మధ్యలో కుక్కి, మళ్లీ కట్టాను. అచ్చం ఆమె కట్టినట్టే కట్టాను. మా అమ్మ కూడా బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. ఆ ముడి నా వేళ్లకు చిన్నప్పటి నుంచే తెలుసు.

ఒక్క సంచే కదా, అంత పెద్ద మిల్లులో ఎవరు కనిపెడతారు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? కనిపెట్టినా పేరు ఎవరి మీదికి పోతుందో ఆ ముడి వేస్తున్నప్పుడే నాకు తెలుసేమో. తెలియకపోతే అంత శ్రద్ధగా కొస ఎందుకు దోపాను?

పాలిస్టర్ పోగులు మిల్లు యంత్రానికి చుట్టుకుని అది ఆగిపోయింది. లారీ సరుకంతా తిప్పి పంపారు. తొమ్మిది మందిమీ నర్సవ్వను పిలిపించి నా కార్ఖానాలోనే కూర్చున్నాం. ఆ సంచి మధ్యలో ఉంది. మిల్లువాళ్లు దాన్ని పక్కనుంచి కోశారు, మూతి ముడి అలాగే ఉంది.

"సంచులు నీ తానే ఉండె గదనే?" అన్నాడు చంద్రయ్య నాతో. మామూలుగానే అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను గయ్యిమన్నాను.

"నన్నేం అడుగుతవ్? ముడి ఎవ్వరిదో జూడుండ్రి," అన్నాను.

చంద్రయ్య అటు తిరిగాడు. "నర్సవ్వా, ఖరం సాంగ్. నిజం జెప్పు, ఎవ్వరేమనరు."

ఆమె వంగి ముడిని వేలితో తడిమింది. చాలాసేపు తడిమింది.

"ముడి నాదే అన్నా. లోపలిది నాది గాదు."

"మరి ఎవ్వరిది?" అన్నాను. అడిగింది చంద్రయ్య కాదు, నేనే.

ఆమె నా వైపు చూసింది. ముడి మీది నుంచి వేలు తీసేసింది.

నర్సవ్వను తీసేశాం. ఆ తర్వాత తొమ్మిది మందిలో ఎవరి సంచిని ఎవరూ నమ్మలేదు. ప్రతివాడూ పక్కవాడి సంచి విప్పి చూడటమే. రెండు నెలలకు మిల్లువాళ్లు దండం పెట్టి తప్పుకున్నారు. వేస్టు మళ్లీ పొగైంది. నర్సవ్వ మళ్లీ బీడీల చాట ముందు కూర్చుంది. ఆ గల్లీలో పోతే ఆమె దగ్గు వినిపిస్తుంది. నేను వేరే గల్లీలో తిరిగి పోతాను. ఎప్పుడైనా ఎదురుపడితే, "బాగున్నవా అన్నా?" అంటుంది. అందులో ఏముంది? తెలిసి అంటోందా? తెలిస్తే ఎందుకు ఊరుకుంది? ఆమె మంచితనాన్ని కూడా నేను విప్పి చూస్తున్నాను. సిగ్గుగా ఉంది.

పోయిన వారం మిల్లువాళ్లు మళ్లీ వచ్చారు. మళ్లీ మొదలుపెడదామన్నారు. అందరూ సరే అన్నారు. ఎవరు ఏరాలన్న మాట వచ్చింది. "ఎవ్వరన్న సరే, నర్సవ్వ మాత్రం వద్దు," అన్నాడు చంద్రయ్య. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. ఏడేళ్ల కిందటిది భయంతో చేశాను అనుకుందామంటే, మరి ఇది? ఇప్పుడు నన్ను ఎవరూ అనుమానించడం లేదు. అయినా ఊపాను.

రేపు వాళ్ల ముందు నిజం చెబుతానని రాయబోయి ఆగాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఆమె క్షమిస్తుందా అని కూడా అడగను, అడిగే ముఖం లేదు. పాలిస్టర్ పెట్టింది నేను, నర్సవ్వ కాదు. ఇన్నేళ్లలో ఈ మాట మొదటిసారి నానుంచి బయటికి వచ్చింది. రాశాక ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఆమెకు మాత్రం ఇంకా ఆడటం లేదు.