తాడు వలయంలో నిటారు నడుము

కెనడాలోని బ్రాంప్టన్‌కు స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఒక్కో బేస్‌మెంటులో ఒకరి మీద ఒకరం పడి బతికేవాళ్లం. నేను చేతులు బారజాపగలిగిన చోటు ఒక్కటే ఉండేది: శనివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో జరిగే సుమో కుస్తీ క్లాసు.

నేర్పే పెద్దాయన జపాన్‌లో ప్రొఫెషనల్ పోటీల్లో దిగినవాడు. నడుం పట్టీ పట్టుకోనిచ్చేవాడు కాదు. అరచేతులతో కింది నుంచి పైకి, ఎదుటివాడి రొమ్ము మీద ఎడాపెడా తోపులే. తోసేవాడు ఎదుటివాడి కన్నా కిందుండాలి. అక్కడే నాకు చిక్కు. జమీ పోయి, చివరికి దివాణం తలుపులు కూడా అమ్ముడుపోయినా, మా ఇంటి మగవాళ్లు నిటారుగానే నడిచారు. నేనూ అంతే. ప్రతి తోపూ తిన్నగా నా గడ్డానికి తగిలేది.

ఆ శనివారం ఆయన ఇంగ్లీషులో తేల్చి చెప్పాడు.

"ఇవాళ కూడా ఇలాగే నిలబడితే ఇక రావద్దు. నీ మెడ విరిగితే నేను జవాబు చెప్పుకోలేను."

ఎదురుగా నా రూమ్మేట్, కరీంనగర్ వాడు.

"దొరా, జర వంగు. ఈడ నిన్నెవడు సూస్తలేడు."

నాకు నవ్వు రాలేదు. ఈ హాలు కూడా పోతే ఇక మిగిలేది ఆ బేస్‌మెంటే.

పిడికిళ్లు నేలకు ఆనించి లేచాం. రెండు తోపులకే నా మడమకు నేల మీద గుండ్రంగా పరిచిన వలయం తాడు తగిలింది. అది దాటితే ఓటమి. ఆ తడబాటులో నా కాలు అతని కాలికి తగిలింది. చిన్నప్పటి అలవాటు కొద్దీ, అతన్ని తాకి కళ్లకు అద్దుకోవడానికి చటుక్కున వంగాను. అతని తోపు నా తల మీదుగా పోయింది. తలెత్తేసరికి రొమ్ము ఎదురుగా ఉంది. రెండు చేతులతో తోశాను. అతను తాడు దాటి కూలబడ్డాడు.

"వెరీ లో! గుడ్!" పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

"అరే, దండం వెడుతుండు అనుకున్న. దండం వెట్టుకుంట నూకుతవా దొరా?" రూమ్మేట్ నేల మీదే పడి నవ్వుతున్నాడు.

"మళ్లీ. అలాగే," అన్నాడు పెద్దాయన.

ఈసారి కాలు తగలదు. వంగాలంటే నేనే వంగాలి. పిడికిళ్లు ఆనించి నడుం దించాను, ఇంకా దించాను. అయినా అతని తోపుకు వలయం బయట వెల్లకిలా పడ్డాను. లేచి భయంభయంగా పెద్దాయన వైపు చూశాను.

"ఇంకా కిందికి రావాలి," అన్నాడాయన. "వచ్చే శనివారం చూద్దాం."

తల ఊపాను. బస్సు వచ్చేదాకా స్టాపులో నడుం దించి లేస్తూనే ఉన్నాను.