అయిదు సోమవారాల నీళ్లు

నేను అమీర్‌పేటలో నాలుగేళ్లు సైన్సు అమ్మాను. వినడానికి బాగోలేదు కదా, పని కూడా అలాగే ఉండేది. కింద రోడ్డు మీద జావా నేర్పుతామంటూ కరపత్రాలు చేతిలో కుక్కేవాళ్లు. ఆ గుంపును తోసుకుని, లిఫ్టు లేని మెట్లెక్కి మూడో అంతస్తుకు వస్తే మా ప్రాజెక్టు సెంటరు. ఇంజినీరింగు ఆఖరి సంవత్సరం పిల్లలకీ, ఎమ్మెస్సీ పిల్లలకీ తయారుగా ఉన్న ప్రాజెక్టులు ఇచ్చేవాళ్లం. నాలుగు ఇనప బీరువాలుండేవి. ఒకటి ఫిజిక్సు, ఒకటి ఎలక్ట్రానిక్సు, ఒకటి కంప్యూటర్లు. నాలుగోది కొత్తగా కొన్న బయోటెక్ బీరువా. మనిషి జన్యువులన్నీ చదివేశారని పేపర్లో వచ్చిన రోజులవి, దానికి గిరాకీ ఎక్కువ. చీరల కొట్లో అడిగినట్టే అడిగేవాళ్లు, "కొత్తవేం వచ్చాయి మేడమ్?" అని.

ఆ కొత్తవి తేవడం నా పని. మాది తెనాలి దగ్గర. ఎమ్మెస్సీ ఫిజిక్సు చేసి, రీసెర్చి చేద్దామని హైదరాబాదు వచ్చాను. సీటు రాలేదు. తిరిగి వెళ్తే చుట్టాలు ఏమంటారో తెలుసు కనుక హాస్టల్లో ఉండిపోయి ఈ ఉద్యోగంలో చేరాను. లైబ్రరీకి వెళ్లి విదేశీ పత్రికల్లోంచి పరిశోధన వ్యాసాలు జిరాక్సు తీయించి, బస్సులో చదువుకుంటూ వచ్చేదాన్ని. ఎక్కడో ఎవరో వెలుతురును సైకిలంత నెమ్మదిగా నడిపించారట. ఇంకెవరో నత్త మెదడులోని కణాన్ని కంప్యూటరు చిప్పుతో కలిపారట. చదువుతుంటే ఒళ్లు పులకరించేది, వెంటనే కడుపు మండేది. వాళ్లు అక్కడ అంత చేస్తుంటే నేను దాన్ని ముక్కలు కోసి, అరవై పేజీలు, బైండింగుతో సహా అప్పజెబుతున్నాను. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక అందరి మీదా చూపించేదాన్ని.

ఇక్కడ ఒక అలవాటు గురించి చెప్పాలి. సైన్సు చదివిన ప్రతివాడికీ తెలుసు, ఒప్పుకోరంతే. కాలేజీ లాబులో గ్రాఫు ముందు గీసుకుంటాం, రీడింగులు తర్వాత రాసుకుంటాం. రావలసిన జవాబు ముందే తెలుసు. లోలకం ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే ఓపిక ఎవడికుంది? గీత మీద చుక్కలు పెట్టి, ఆ చుక్కల్లోంచి అంకెలు దింపుకుంటే మాస్టారు మంచిగా టిక్కు పెట్టేవారు. మా సెంటర్లో ఆ దొంగ అలవాటే వృత్తి. పిల్లలకి ప్రయోగమే ఉండదు, రీడింగులెక్కడివి? నేనే పుట్టించేదాన్ని. మరీ నున్నగా ఉంటే అనుమానం వస్తుందని, పచ్చడిలో ఉప్పేసినట్టు అక్కడక్కడా కాస్త ఎగుడుదిగుడు వేసేదాన్ని. అందులో నా అంతటిది లేదని పేరు కూడా తెచ్చుకున్నాను.

మా యజమానిది ఇంకో నియమం. పని అయిపోయాక చేతిరాత కాగితాలేవీ మిగలకూడదు. ఒకే ప్రాజెక్టు మూడు కాలేజీలకు అమ్మేవాడు మరి, ఆధారాలు ఉంచుకుంటాడా! "అమ్మాయ్, శనివారం సాయంత్రానికి నా బల్లలు ఖాళీగా కనపడాలి" అనేవాడు. శనివారం పాత కాగితాల బండి వచ్చి మూటలు పట్టుకుపోయేది.

అలాంటి చోటికి ఒక నిజమైన మనిషి వచ్చాడు.

నలభై దాటినవాడు, జిల్లాలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవాడు. పీహెచ్‌డీ చేస్తున్నాడు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా నిలబడి, గుడ్డసంచిలోంచి మూడు నోటుపుస్తకాలు తీశాడు. నీళ్లు తగిలి అట్టలు ఉబ్బి ఉన్నాయి.

"బిడ్డా, మాది చేపలు వట్టే ఇల్లు. మా ఊరి చెరువు మీదనే చేసిన. మూడేండ్లు, వారానికి రెండుసార్లు నీళ్లు తీసి, అండ్ల ఆక్సిజన్ ఎంతున్నదో చూసుడు, చేపల రక్తం చూసుడు. జర పైలంగ టైపు చేయించు. గీ పుస్తకాలు తప్ప నాతాన ఇంకేం లేవు."

ఆ మాటకి నేను లేచి నిలబడాల్సింది. లేవలేదు. "శనివారం రండి సార్" అన్నాను, అంతే.

టైపు కొట్టింది మా సెంటరు టైపిస్టు, అందరం భాయ్ అనేవాళ్లం. సనత్‌నగర్ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఇంగ్లీషు అర్థం తెలియదంటాడు కానీ తప్పు మాత్రం పోనివ్వడు. అధ్యాయాలన్నీ అయ్యాక, చివర అనుబంధంలో పెట్టాల్సిన పెద్ద పట్టిక కొట్టాడు. తేదీ, నీళ్లలో కరిగిన ఆక్సిజన్, వేడి. అంతే, పేజీల కొద్దీ అంకెలు. సరి చూద్దామని నేను దానికి గ్రాఫు గీయించాను. ఆక్సిజన్ అంకెలు ఆరు దగ్గర అటూఇటూ హాయిగా పోతున్నాయి. మధ్యమధ్యలో ఒక అయిదు చుక్కలు మాత్రం అడుక్కి పడిపోయాయి, ఒకటి కంటే కిందకి.

"మహానుభావుడు సీసా మూత సరిగ్గా పెట్టినట్టు లేడు" అన్నాను.

భాయ్ నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. "అక్కా, సార్ చెయ్యి సాఫ్ ఉన్నది. గా అయిదు అంకెల కింద గీతలు సుత కొట్టిండు, చూడు. తప్పు కాదేమో. శనివారం అడుగరాదు?"

"నువ్వు టైపు కొట్టు భాయ్, సైన్సు నేను చూసుకుంటా" అన్నాను. ఎంత పొగరండీ! గీతలు కొట్టింది అనుమానం వచ్చే అయి ఉంటుంది, పాపం దిద్దుకోవడం తెలియలేదు అనుకున్నాను. చేపలు పట్టే ఇంట్లోంచి ఇంతవరకూ వచ్చిన మనిషి, ఆ అయిదు అంకెల గురించి పరీక్షకుడు నలుగురిలో నిలదీస్తే ఏమైపోతాడు? నాకు నిజంగానే జాలి వేసింది. ఆ జాలితోనే అయిదింటినీ మార్చేశాను. 5.8, 6.1, 5.9, 6.2, 6.0. ఎగుడుదిగుడు కూడా మరిచిపోలేదు. భాయ్ ఇంకో మాట మాట్లాడకుండా పాత ఫైలు మీదే సేవ్ చేశాడు.

శనివారం ఆయన వచ్చి అధ్యాయాలు అక్షరం అక్షరం చదువుకున్నాడు. అనుబంధం పేజీలు లెక్కపెట్టుకున్నాడు కానీ అంకెలు చదవలేదు. పంజాగుట్టలో బైండింగు చేయించి, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు వేయించాక మళ్లీ మాకు చూపించడానికి వచ్చాడు. వాళ్లమ్మ వండిన చేపల పులుసు స్టీలు క్యారియరులో తెచ్చాడు. ఆ చెరువు చేపే. ముగ్గురం కూర్చుని తిన్నాం. నోటుపుస్తకాలు ఆయన అడగలేదు, పుస్తకమే చేతికొచ్చింది కదా అనుకుని ఉంటాడు. అవి అప్పటికే బండెక్కి పోయాయి. నేను చేసిన మేలు గురించి నేనూ చెప్పలేదు, చెబితే చిన్నబుచ్చుకుంటాడని. ఆ రోజు నా మీద నాకు చాలా గౌరవం కలిగింది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

రెండేళ్లు గడిచాయి. కింద జావా పోయి వేరే కోర్సుల కరపత్రాలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం ఆయన మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో అదే నల్లట్ట పుస్తకం. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడమ్, నా నోటుబుక్కులు ఉన్నయా?" అన్నాడు.

ఈసారి బిడ్డా అనలేదు.

జరిగింది ఆయనే చెప్పాడు. ఈమధ్య ఒక సోమవారం పొద్దున చెరువులో చేపలన్నీ చచ్చి తెల్లగా తేలాయి. ఒడ్డునున్న ఫ్యాక్టరీకి ఆదివారం సెలవు. ఆ సెలవు రోజునే, చూసేవాళ్లు ఉండరని, తొట్లలోని మురికినీళ్లు చెరువులోకి వదులుతారని ఊరందరికీ అనుమానం. ఈయనకి అనుమానం కాదు, మూడేళ్ల రీడింగులున్నాయి. వాటిలో అయిదు సోమవారాలు నీళ్లలో ప్రాణవాయువు లేనట్టే. ఆ సంగతి అధ్యాయంలో రాస్తానంటే గైడు వద్దన్నాడట, గొడవలవుతాయి, చేపల మటుకు రాసుకో అని. ఈయన సరేనని, అంకెలు మాత్రం ఏ వ్యాఖ్యా లేకుండా అనుబంధంలో ఉంచాడు. పుస్తకంలో ఉంటే చాలు, ఎప్పటికైనా పనికొస్తాయని.

ఆ రోజు వచ్చింది. జిల్లా ఆఫీసులో విచారణ పెట్టారు. ఊరి మనుషులంతా వచ్చారు, వాళ్ల నాన్న ముందు వరసలో కూర్చున్నాడు. ఈయన లేచి నిలబడి, నా పుస్తకంలో ఉంది చూడండి, అని అందరి ముందూ అనుబంధం తెరిచాడు.

"లేవు మేడమ్. ఒక్కటి సుత లేదు. ఫ్యాక్టరీ వకీలు నా చేతులకెల్లి పుస్తకం గుంజుకొని సదివిండు. మీ సారే రాసిండు, నీళ్లు మంచిగున్నయని, అని నవ్విండు. మా నాయిన బయటికొచ్చి నన్నొక్కటే అడిగిండు, ఎంతకు అమ్ముడువోయినవ్ రా అని."

భాయ్ తల వంచుకుని కీబోర్డు వంక చూస్తున్నాడు. నేను చెప్పాను కదా అక్కా, అని ఒక్క మాట అంటే భాయ్ పాదాల మీద పడేదాన్ని. అనలేదు.

"మీకెంత ఇచ్చిండ్రు మేడమ్? వాళ్లు ఈడికి వచ్చిండ్రా?" అన్నాడు ఆయన.

"ఎవరూ రాలేదు సార్. నేనే మార్చాను. అవి తప్పు అనుకున్నాను. మీకు మంచి జరుగుతుందని చేశాను" అని చెప్పేసి ఏడ్చాను.

"పైసలు తీసుకొని చేసినా సమజయ్యేది. ఊకెనే చేసిండ్రా?" అన్నాడు ఆయన.

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా. పట్టికలో ఆ అయిదింటి పక్కన తేదీలున్నాయి. నా కుర్చీ పైన గోడకి క్యాలెండరుంది. తలెత్తి చూసి ఉంటే అయిదూ సోమవారాలేనని తెలిసేది. వెలుతురు నెమ్మదించిందంటే పులకరించిన దాన్ని, నిజమైన పరిశోధన ఒకటి నా బల్ల మీదికొచ్చి, కింద గీతలు కొట్టి మరీ చూపిస్తే గుర్తుపట్టలేకపోయాను.

నోటుపుస్తకాలు లేవని చెప్పాను. పాత ఫైలూ లేదని భాయ్ చెప్పాడు. ఆయన చివరికి కూర్చున్నాడు.

"ఒక్క పని చెయ్యండి. వచ్చే నెల మళ్ల విచారణున్నది. మీరు మార్చిండ్రని కాయితం మీద రాసియ్యండి. అసలు అంకెలు ఏముండెనో అవి సుత రాయండి. నాకు యాదికున్నయి గని నేను చెప్తె నమ్మరు. మీరు రాస్తె నా అంకెలతోటి కలుస్తయి. అప్పుడు నమ్మక తప్పదు."

కాగితం తీసి రాశాను. నా పేరు, చదువు, ఇక్కడ చేసే పని, అయిదు రీడింగులు నా చేత్తో మార్చానని. నేను వేసిన అంకెలు గడగడా వచ్చేశాయి. తర్వాత, అసలు రీడింగులు, అని రాశాను.

ఒక్కటీ గుర్తు రాలేదు. ఒకటి కంటే తక్కువని తెలుసు, అంతే. తప్పనుకున్న దాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కానీ నా చెయ్యి ఆగలేదు. 0.6 అని రాసింది. దాని పక్కన 0.4. వెంటనే మరీ దగ్గరగా ఉన్నాయనిపించి, మూడోది 0.9 వేసింది.

ఆయన నా కలం వంకే చూస్తున్నాడు. "మేడమ్, యాదికొచ్చి రాస్తున్నరా, పుట్టించి రాస్తున్నరా?" అని అడిగాడు.

నేను కలం కింద పెట్టేశాను. ఆ మూడు అంకెలూ కొట్టేశాను. ఆయన ఆ కాగితం తీసుకోకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.