పసుపు కింద పోయిన యాభై

ఇది చదివే అందరూ బాగున్నారా? మోర్తాడ్ నుంచి రాసే చెల్లీ, నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? మోస్రా వదినా, అన్నయ్య కంటికి కట్టు విప్పారా? చుక్కల మందు మరిచిపోకుండా వేస్తున్నావా? నా సంగతి అడగకండి... బీపీ మాత్ర వేసుకున్నానో లేదో అని రోజుకు రెండుసార్లు డబ్బీ తెరిచి చూసుకోవడమే పని. కానీ ఈ వారం గుబులు అది కాదు.

మా చిన్నప్పుడు... మేము గోదావరి అవతల, మరాఠీ వాళ్ల ఊర్లో ఉండేవాళ్లం. మా నాన్న, మేము బాపు అనేవాళ్లం, అక్కడ పత్తి మిల్లులో హమాలీ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నేను అక్కడే మూడో తరగతి పాసయ్యాను. లెక్కల్లో నలభై ఒకటి వచ్చాయి... యాభైకి! మా టీచరమ్మను అందరం బాయి అనేవాళ్లం. ఆమె నా బుగ్గ గిల్లి, మార్కుల కాగితం కింది మూలన, ఒక్కో సబ్జెక్టుకు యాభై మార్కులు అని సిరాతో రాసి ఇచ్చింది. మేము ఊరు వదులుతున్నామని ఆమెకు తెలుసు, ఇవతలి తెలుగు సార్లకు అర్థం కావాలి కదా అని.

అప్పటికే మిల్లు మూతపడింది. బాపు మమ్మల్ని తీసుకుని కందకుర్తి దగ్గర పడవలో ఇవతలికి వచ్చేశాడు. బోధన్ పక్కన చెరుకు తోటల్లో పని దొరికింది.

నన్ను బడిలో వేసే రోజు పొద్దున్నే అవ్వ, అంటే మా అమ్మ, సందూక పెట్టె తెరిచి ఆ కాగితం తీసింది. మా ఇంట్లో కొత్త బట్టైనా, లగ్గం పత్రికైనా నాలుగు మూలలా పసుపు పెట్టాకే బయటికి పోయేది. ఇక బిడ్డ చదువు కాగితాన్ని వదులుతుందా? గిన్నెలో పసుపు తడిపి, ఒక్కో మూలకూ బొటనవేలితో రుద్ది రుద్ది పెట్టింది.

"జరంత సాలు అవ్వా" అన్నాను.

"నీకేం ఎర్కనే, ఊకో. మంచి జరగాల్నా వద్దా?"

సిరా తడిసింది. బాయి రాసిన మాట పసుపులో కలిసిపోయి మరక ఒక్కటే మిగిలింది. నేను చూశాను. అవ్వ ముఖంలో ఆ సంబరం చూసి నాకు నోరు రాలేదు...

బడిలో పెద్దసారుకు హిందీ వచ్చు. మరాఠీ అంకెలూ హిందీ అంకెలూ ఒకటే, అందుకని అవి చదవగలిగాడు.

"నలభై ఒకటి, ముప్పై ఎనిమిది, ముప్పై ఆరు... ఎంతకు ఎంతనయ్యా గివి? కింద ఏం రాసిండ్రో, అంత పసుపే ఉన్నది."

బాపుకు చదువు లేదు. నెత్తి రుమాలు తీసి చేతిలో పట్టుకుని, "వందకే ఉంటయ్ సారూ... మార్కులంటె వందకే గదా" అన్నాడు.

"గట్లయితె అత్తెసరు పాసే. మంచిగ సదివే పిల్లయితె నాలుగుల కూసోబెట్టి తెలుగు నేర్పుదుము. ఇగ ఒకటిల ఎయ్యాలె." నా దిక్కు తిరిగి, "నువ్వేమన్న చెప్తవా పిల్లా?" అని కూడా అడిగాడు.

యాభై అనే మాట నాలుక కొస దాకా వచ్చింది. కానీ నలుగురి ముందు బాపు మాట తప్పని ఎట్లా అంటాను? తల అడ్డంగా ఊపాను... అంతే.

ఒకటో తరగతిలో అందరూ నా భుజాల దాకే వచ్చేవాళ్లు. "జరుగుండ్రి రో, లగ్గమైన అక్కొచ్చింది!" అని నవ్వేవాళ్లు. వాళ్లు రెండో ఎక్కం అప్పజెబుతుంటే నేను పన్నెండో ఎక్కం మరాఠీలో నోట్లోనే చెప్పుకునేదాన్ని. దసరా సెలవులు అయ్యాక మంచం కోడు పట్టుకుని బడికి పోనని ఏడ్చాను. బాపు కొట్టలేదు. "మార్కులే గట్ల ఉండె బిడ్డా, నువ్వేం జేస్తవ్" అని నెత్తి నిమిరాడు. కొట్టినా బాగుండేది...

మర్నాటి నుంచి అవ్వ వెంట చెరుకు ఆకు దూయడానికి పోయాను. పసుపు సంగతి అవ్వకు చెప్పనే లేదు. నాకు చదువు అబ్బలేదనుకునే పోయింది. ఈ తెలుగు అక్షరాలు నా కూతురి పలక మీద, దానితో పాటు దిద్ది నేర్చుకున్నవి. తప్పులుంటే ఏమనుకోకండి.

ఇదంతా ఇప్పుడెందుకంటే... అల్లుడి కాంట్రాక్టు అయిపోయి, నా కూతురు సుజాత వాళ్లు మస్కట్ నుంచి వచ్చేశారు. మనవరాలు శ్రావణి అక్కడ ఏడు పాసయింది. దాని కాగితంలో మార్కులే లేవు, అన్నీ ఏలూ, బీలూ! నిజామాబాద్ బడిలో గుమాస్తా, "మార్కులు లేకుంటె ఎనిమిదిల ఎట్ల తీస్కుంటమమ్మా? మల్ల ఏడే సదవనియ్యి" అన్నాడట. పిల్ల ఆ రోజు నుంచి సగం అన్నం వదిలేసి లేస్తోంది. "అమ్మమ్మా, నేను ఫెయిల్ కాలేదు కదా?" అని అడుగుతోంది.

"ఏ అక్షరానికి ఎన్ని మార్కులో యాడనన్న రాసే ఉంటరు, సూడే" అన్నాను సుజాతతో.

"కాయిదం ఎనక ఉన్నదమ్మా. వాళ్లకు జిరాక్స్ ఇచ్చిన గదా."

"రెండు దిక్కులా తీపిచ్చినవా?"

లేదట. ఒక్క దిక్కే తీయించింది!

అప్పటి నుంచి ఆ కాగితం ప్లాస్టిక్ కవరులో, నా దిండు కింద ఉంది. పడుకుంటే నలుగుతుందేమోనని మళ్లీ భయం. నిన్న సుజాత పసుపు గిన్నె తెచ్చి, "నీ చేత్తోని నాలుగు మూలల పెట్టే అమ్మా" అంది. కవరుకు పెట్టాను. కాగితానికి పెట్టలేదు... అవ్వా, ఏమనుకోకు.

అప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లకు చదవడం రాదు. ఇప్పుడు అందరికీ వచ్చు, కానీ కాగితం తిప్పి చూసే తీరిక ఎవరికీ లేదు... మీలో ఎవరి చదువైనా ఇట్లా ఒక కాగితం దగ్గర ఆగిపోయిందా? ఉంటే రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కొంచెం నిమ్మళం.

కాగితం వెనక దిక్కు చూపిస్తామంటే బడివాళ్లు మళ్లీ రమ్మన్నారు. ఎండలో నువ్వెందుకని సుజాత అంటోంది, అయినా నేనూ పోతున్నాను. "ఆడ నువ్వేం చెప్తవే అమ్మా?" అని నవ్వుతోంది. ఏమో... ఈసారి ఎవరైనా అడిగితే మాత్రం తల ఊపి ఊరుకోను.

వచ్చే సోమవారం, పొద్దున పదకొండు గంటలకు, బడిలో.