రెండు వైపులా బొమ్మే

భర్త పోయిన ఏడాదికే జోహరాబీ అతని కుంపటి ముందు కూర్చుంది. ఆడమనిషి ఊదుగొట్టం పట్టడమేమిటని పాత గుంటూరు సందులో బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. "మీ ఇంట్లో రోజూ ఇంత అన్నం పెడతారా? లేకపోతే తప్పుకోండి, నాకు గాలి రావాలి" అందామె. వెండి రూపాయలకు కొండీలు అతికి, మెడలో వేసుకునే పేరుగా గుచ్చడం ఆ ఇంటి పని. ఎన్ని నాణేలు ఆమె వేళ్ల మధ్య తిరిగాయో లెక్కలేదు.

పని ఎక్కువగా బావగారు బుడే సాహెబ్ ఇచ్చేవాడు. బ్రాడీపేటలో పాత నాణేలమ్మే ఆయన, 1959 మిరప కోతలయ్యాక కొత్త సరుకొకటి పెట్టాడు. రెండు వైపులా రాజుగారి బొమ్మే ఉన్న రూపాయలు. టంకశాలలో పొరపాటున పడ్డాయనీ, ఇంట్లో ఉంటే కలిసొస్తుందనీ చెప్పి హెచ్చు ధరకు అమ్మేవాడు. మిరపకాయలు అమ్ముకోవడానికి దాచేపల్లి వైపు నుంచి వచ్చిన యలమందయ్య ఒకటి కొని, భార్య కోసం కొండి పెట్టించమని జోహరాబీ దగ్గరికి తెచ్చాడు.

ఆమె దాన్ని బండ మీద పడేసింది. ఖంగుమనాల్సిన వెండి మొద్దు చప్పుడు చేసింది. అంచు లోపలి సన్నటి గీతను గోటితో తడిమింది.

"పెద్దయ్యా, ఇది పొరపాటున పడింది కాదు, కావాలని చేసింది. ఒక రూపాయిని లోపల తొలిచి, ఇంకోదాన్ని అరగదీసి అందులో కూర్చారు."

యలమందయ్య సరాసరి కొట్టుకు వెళ్లాడు. కాసేపటికి బుడే సాహెబ్‌నీ, మరో నలుగురు రైతులనీ వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు.

"ఏమ్మా జోహరా, అది అసలుదేనని వీళ్లకు చెప్పు. లేదంటే రేపట్నుంచి నీకు పనివ్వను" అన్నాడు బుడే సాహెబ్.

"మానేయండి బావగారూ. నా నోటితో మాత్రం చెప్పను."

ఆమె యలమందయ్య వైపు తిరిగింది. "వేడి పెడితే పాడవుద్ది. మీరు సరేనంటేనే."

"కానీయమ్మాయ్."

పట్టకారుతో నాణేన్ని పట్టి నిప్పు మీద ఊదింది. గీత వెంట అతుకు పెట్టిన తగరం కరిగి మెరిసింది. పల్చటి బిళ్ల జారి బూడిదలో పడింది. మిగతాది చిన్న మూతలా పట్టకారులో ఉండిపోయింది.

రైతులు గోల చేశారు. బుడే సాహెబ్ మొహం కందగడ్డలా అయింది. జేబులోంచి ఒక నయాపైసా తీసి ఆమె ముందు పెట్టాడు. అచ్చు ఓ పక్కకు జరిగి, అవతలి అంచు బోడిగా ఉంది. "దీన్నీ దొంగదనే అంటావుగా?"

"ఆయన చేతిలోంచి వచ్చాక దొంగదే" అన్నాడొక రైతు.

జోహరాబీ దాన్ని చిన్న త్రాసులో మంచి పైసాకు ఎదురు పెట్టింది. ముల్లు మధ్యలో నిలిచింది. బోడి భాగంలో ఆకురాయి గీతల్లేవు, అక్షరాలు నలగలేదు. "ఇది నిజంగా టంకశాల పొరపాటే. అచ్చు పడేటప్పుడు బిళ్ల జరిగింది."

"అప్పుడే మీ బావ తట్టు తిరిగావే?" అన్నాడు ఆ రైతు.

"ఆయన మీద కోపం ఉంటే నాకూ ఉంది. అందుకని మంచి నాణేన్ని చెడ్డదనమంటారా? అనను."

బుడే సాహెబ్ యలమందయ్య డబ్బు అక్కడికక్కడే తిరిగిచ్చాడు. ఆమెకు పని మాత్రం ఆపేశాడు. రెండేళ్ల పాటు పండక్కి కూడా ఆ గడప తొక్కలేదు. ఆమె వెళ్లి బతిమాలలేదు. పస్తున్న రోజులూ ఉన్నాయి. మరుసటి మిరప కోతలకు మాత్రం రైతులు కొంగుల్లో, తుండుగుడ్డల్లో నాణేలు మూటగట్టుకుని ఆ సందు వెతుక్కుంటూ వచ్చారు. తమ నాణెం దొంగదని విని అలిగినవాళ్లూ ఉన్నారు. జోహరాబీ తలెత్తకుండా తరవాతి నాణెం కోసం చెయ్యి చాపేది.