గాజుపెట్టెలో జాబెజ్ బాతు

ఎగ్ హార్బర్ తీరంలో కోతలు కోయడంలో మొదటివాణ్ణి నేను. బడి మధ్యలోనే మానేసింది కూడా అందుకే. మా పంతులు దగ్గర నాకు నేర్పడానికి ఏమీ మిగల్లేదు. నా తర్వాతివాడు జాబెజ్ స్కల్.

గాలాలు వేసి చేపలు పట్టడంలో జాబెజ్‌కి ఎదురులేదు. కానీ ఆ పేరు అతనికి అక్కర్లేదు, గొప్ప వేటగాడు అనిపించుకోవాలి. అతను తుపాకీ ఎత్తితే బాతులు నింపాదిగా ఈదుకుంటూ ఉండేవి, పారిపోయేది మేము. ఒకసారి సముద్రం వైపు గురిపెట్టి, వెనకనున్న చర్చి మీద గాలివాటం చూపే ఇనుపకోడిని కూల్చాడు.

ఆ ఏడు చలి ఎంతటిదంటే, మా పిల్లి పొయ్యిలో పడుకుంటే నిప్పే దాని దగ్గర చలి కాచుకునేది. అలాంటి ఒక పొద్దున జాబెజ్ ఒక్కడే పడవలో వెళ్లి, నల్లటి ఒళ్లూ తెల్లటి తలా ఉన్న సముద్రంలోని ఇసుకదిబ్బల దగ్గర మేసే బాతుతో తిరిగొచ్చాడు. తుఫాను గాలిలో, ఊగే పడవలో నిలబడి, ఎగిరే బాతుని ఒకే గుండుతో కొట్టానన్నాడు. సారాకొట్టు ఈనాక్ ఎవరి దగ్గర కొన్నావని అడిగాడు. కొట్లో అందరూ పగలబడి నవ్వారు.

జాబెజ్‌కి పౌరుషం వచ్చింది. ఫిలడెల్ఫియాలో పక్షులకి గడ్డి కూరి గాజుపెట్టెల్లో నిలబెట్టే మ్యూజియం ఒకటుంది. ఇచ్చినవాడి పేరూ, పక్షి ఎలా దొరికిందీ చీటీ మీద రాసి పెడతారు. అక్కడ తన పేరు ఎక్కితే ఈ నోళ్లన్నీ మూతపడతాయని, గడ్డకట్టిన బాతుని చంకలో పెట్టుకుని పట్నానికి ఆల్చిప్పలు తీసుకెళ్లే బండెక్కాడు. నేనూ వెంట వెళ్లాను.

మ్యూజియం వెనక గదిలో కెటూరమ్మ అనే ఆవిడ తోలు ఒలిచింది. తిరగేసి, వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది.

"గుండు ఎక్కడ తగిలిందయ్యా? చిల్లు కుట్టాలి, కనపడట్లేదు."

"నోట్లోంచి పోయిందమ్మా. అరుస్తుండగా కొట్టాను."

"మరి ఎటు బయటికొచ్చింది?"

జాబెజ్ నా వంక చూశాడు. ఎంతో పేరున్నవాణ్ణి, నేను పైకప్పు వంక చూశాను. ఆవిడ బాతు ముక్కు మూల చీరుకుపోయిన చోట వేలు పెట్టింది.

"చీటీ మీద నేను అబద్ధం రాయను నాయనా. నిజం చెబితే నీ పేరు రాస్తా. లేదంటే నీ బాతు నువ్వు పట్టుకెళ్లి వండుకో."

టోపీ నలుపుకుంటూ, ఊళ్లో నవ్వుతారని జాబెజ్ గొణిగాడు. చివరికి కక్కేశాడు. చేపల కోసం ఆల్చిప్ప మాంసం ఎరవేసి గాలాలు దింపితే, నీళ్లలో మునిగి మేసే ఈ పిచ్చిబాతు ఎరని మింగి తగులుకుందట.

కెటూరమ్మ కత్తి పక్కన పెట్టింది. "బాతుని కొట్టినవాళ్లు ఈ మ్యూజియం నిండా ఉన్నారు. గాలంతో పట్టినవాణ్ణి నిన్నే చూస్తున్నా." అలాగే రాసింది కూడా: ఆల్చిప్ప ఎరతో పట్టినవాడు, ఎగ్ హార్బర్ జాబెజ్ స్కల్.

మంచు కరిగాక ఈనాక్ నలుగురిని వెంటేసుకుని మ్యూజియంకి వెళ్లి ఆ చీటీ చూసొచ్చాడు. ఆ సాయంత్రం జాబెజ్ తలొంచుకుని కొట్లోకి వస్తే, ఈనాక్ లేచి పొయ్యి పక్కనున్న తన కుర్చీ ఇచ్చాడు.

"మా కోతలు ఈ కొట్టు గడప దాటలేదురా. నువ్వేమో బాతు గాలానికి పడిందని చదువుకున్నోళ్ల చేతే రాయించావు."

అది నిజమేనని జాబెజ్ తల్లి మీద ఒట్టేశాడు. ఎంత ముచ్చటగా ఒట్టేస్తున్నాడోనని అందరూ మురిసిపోయారు. నేను సాక్ష్యం చెప్పాను. దాంతో ఏ మూలైనా కాస్త నమ్మకం ఉన్నవాళ్లకి అది కూడా పోయింది.

జాబెజ్ ఇప్పుడు తుపాకీ ముట్టడు. ఇంకో బాతుని పట్టి ఊరికి చూపించాలని చలికాలమంతా ఇసుకదిబ్బల దగ్గర గాలాలు వేస్తాడు. పడవ మునిగేటన్ని చేపలు పడతాయి. వాళ్లావిడ సంబరపడిపోతుంది. అతను మాత్రం ఒక్కో చేపనీ కొక్కెం నుంచి విడదీస్తూ మొహం మాడ్చుకుంటాడు.