చుక్కకు పెట్టిన దీపం

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆదోనిలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. పాడుబడ్డ బంగళా, తెల్లచీర, గజ్జెల చప్పుడు... ఇవి నమ్మేవాళ్ల బుర్రలో గుజ్జు లేదని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే.

ఒక వేసవిలో దూరపు గెలాక్సీలో ఒక నక్షత్రం పేలింది. ఎమ్మిగనూరులో మా అక్క ఇంటి మిద్దె మీద టెలిస్కోప్ పెట్టి, చీకటి పడగానే ఫొటోలు తీసేవాణ్ణి. కెమెరా ముందున్న గాజుబిళ్ల ఆ వెలుగును రంగుల పట్టీగా విడదీస్తుంది. మొదట్లో పట్టీ నీలంగా వెలిగింది. రానురాను వెలుగు తగ్గింది, నీలం మాసిపోయింది, ఎరుపు దగ్గర హైడ్రోజన్ గుర్తు వెడల్పుగా తేలింది. పేలి చల్లారే నక్షత్రం తీరే అంత.

"చచ్చిపోతున్న చుక్క" అని అక్కకు చెప్పడం నా ఖర్మ. మర్నాడు పిట్టగోడ మీద ఆముదం దీపం, చెంబుతో నీళ్లు!

"సచ్చినోళ్లకు దీపం పెట్టల్ల గదప్పా," అంది. "మీ బావకు పెట్టేకి కాకపాయ."

బావ సుగ్గికని, కూలికి వలసపోయే అందరిలాగే, మిరపకోతకు గుంటూరు వైపు పోయి అక్కడే చనిపోయాడు. ఆసుపత్రి, పోలీసుల చుట్టూ తిరగడంలోనే దినాలు గడిచిపోయాయి. ఇంట్లో దీపం వెలగలేదు. అది అక్కను తొలిచేస్తోందని నాకు తెలుసు. అయినా చుక్కకు దినాలేమిటి? నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం ఫొటోలో, పట్టీ మీద సన్నటి పసుపు గీత. ఉప్పు తగిలిన మంటకు అలాంటి గీతే వస్తుంది, ఇంటర్ పిల్లలకూ తెలుసు. అక్కను కసిరి దీపం ఆర్పించాను.

"నీ సదువుకో దండం," అని చెంబు మాత్రం వదిలేసి దిగిపోయింది.

మర్నాడు దీపం లేదు. గీత ఉంది.

వీధి లైట్లు తెల్లవి. పక్క మిద్దెల మీద మంటల్లేవు. గాజుబిళ్ల తుడిచి చూశాను. టెలిస్కోప్ పక్క నక్షత్రాల మీదికి తిప్పితే గీత లేదు. పేలినదాని మీదికి తిప్పితే వస్తోంది. నక్షత్రానిదే అయితే పేలుడు వేగానికి వెడల్పుగా చెదిరి ఉండాలి. ఇది వెంట్రుకంత సన్నం.

కొన్నాళ్లు అలాగే వచ్చింది. అక్కకు ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే మిద్దె మీద కొబ్బరికాయలు కొట్టించేది.

ఒక సాయంత్రం అక్క పైకొచ్చి చెంబులోని నీళ్లు కుమ్మరించింది.

"మీ బావ ఇప్పటికి పోయినాడు లేప్పా. ఇంక నాకు నిద్ర పడతాది."

ఆ రోజు ఫొటోలో ఎరుపు అలాగే ఉంది. పసుపు గీత లేదు. మళ్లీ రాలేదు.

కెమెరా లోపమని మా కాలేజీలో ఒక మేధావి తేల్చాడు. వాడి ముఖం, ఇప్పటికీ అదే కెమెరా వాడుతున్నాను. దయ్యమని ఎవరైనా అంటే వాణ్ణీ తిడతాను. కారణం మాత్రం నాకూ తెలియదు. గీత లేని ఆ ఫొటో చూసిన సాయంత్రం, బావ చనిపోయినప్పుడు రాని ఏడుపు నాకు వచ్చింది.