పడకముందే నవ్వినవాళ్ళు

మంగళగిరి నుంచి తెచ్చుకున్న కొత్త చీర మడత విప్పానో లేదో, గంజి వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, విజయవాడ బెంజ్ సర్కిల్ పక్కనున్న మా ఫ్లాటూ, కింద ఎడతెగని హారన్లూ ఎటో పోయి నేను మళ్ళీ రెండు జడల పిల్లనైపోతాను. ఆ హుషారులోనే ఆదివారం అనుబంధం తిరగేస్తే, నా చిన్ననాటి హాస్య సినిమా ఒకటి మళ్ళీ విడుదలవుతోందంటూ ఒక విమర్శకుడు రాసిన సమీక్ష కనిపించింది. చదవడం పూర్తయ్యేసరికి కాఫీ చల్లారిపోయింది, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆయన అన్నవాటిలో చాలావరకు ఒప్పుకుంటాను. పాటలు ఎక్కువే, హీరోయిన్ అన్నగారి ఏడుపు భరించడం కష్టమే. కానీ పెళ్ళిచూపులకి వచ్చిన పెళ్ళికొడుకు గోతిలో పడే సీను దగ్గరికొచ్చి, మనుషులు కాపురముండే ఇంట్లో నట్టనడుమ గొయ్యి ఎందుకుంటుందని నిలదీసి, అది జనాన్ని బలవంతంగా నవ్వించడానికి దర్శకుడు తవ్వించిన గొయ్యి అనీ, వట్టి వెకిలి హాస్యం అనీ తేల్చేశాడు. అయ్యా, మా ఇంట్లో ఆ గొయ్యిని మా తాత తవ్వించాడు.

మంగళగిరిలో మాది నేతపనివాళ్ళ ఇల్లు. వీధి గుమ్మం దాటగానే పెద్ద గది, అందులో గుంటమగ్గం. నేసేవాళ్ళు నేలమట్టాన కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి, లోపలి చెక్కలు తొక్కుతూ నేస్తారు. వాళ్ళు లేచి వెళ్ళారంటే గుంట నోరు తెరుచుకుని ఉంటుంది. తెల్లారుతూనే వీధి పొడవునా పడుగు నూలు సాగదీసి గంజి పట్టించేవారు, అది ఆరేలోగా మేం దాని కింద నుంచి దూరి పరిగెత్తి తిట్లు తినేవాళ్ళం. వంటింట్లో అమ్మ పులుసుకి పోపు పెడుతూ, వసారాలో పిన్ని రాట్నం తిప్పుతూ, ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు అందుకుంటూ పగలంతా గడిపేవారు. మగ్గం చప్పుడు వింటూ మధ్యాహ్నాలు నిద్రపోయేవాళ్ళం, అది ఆగితే మెలకువ వచ్చేది. మా ఇళ్ళల్లో పాకే పిల్లలకి అత్త, తాత కంటే ముందు నేర్పే మాట 'గుంట'. చీకట్లో దాగుడుమూతలు ఆడినా మాలో ఒక్కరూ అందులో పడేవారు కాదు.

పిన్ని, అంటే మా బాబాయి భార్య, విజయవాడ వన్ టౌన్ పిల్ల. వాళ్ళది బట్టల వ్యాపారం. ఒక వానాకాలం వాళ్ళన్నయ్య మొదటిసారి చెల్లెల్ని చూడటానికి వచ్చాడు. ఇస్త్రీ చెడని తెల్ల ప్యాంటు, వీధి చివరిదాకా సెంటు వాసన. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, నాన్న కుర్చీ చూపిస్తే, "మీరు కూర్చోండి బావగారూ, మీరు కూర్చోండి," అంటూ మర్యాదగా వెనక్కి అడుగులేసి, గుంటలోకి వెళ్ళిపోయాడు. వాన నీరు ఊరి అందులో మోకాలి లోతు బురద. గ్లాసు మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు, చుక్క ఒలకలేదు. అది చూసి అమ్మకి నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"మా వాళ్ళు అంత లోకువైపోయారా అక్కా?" అంది పిన్ని. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. వంటింట్లో రెండో పొయ్యి వెలిసింది. "మీ పిన్నికి చింతపండు కావాలేమో అడగవే," అని అమ్మ, "ఉందని చెప్పవే," అని పిన్ని, మధ్యలో తిరగలేక నా ప్రాణం పోయేది. దసరా వెళ్ళాక వన్ టౌన్లో వేరుకాపురం పెడదామని పిన్ని అంటే బాబాయి తలూపాడు. నాకు రోజూ జడలు వేసేది పిన్ని, పక్కలో పడుకోబెట్టుకునేది పిన్ని. దసరా అసలు రాకూడదని దేవుడికి దండాలు పెట్టుకున్నాను.

ఇంతలో ముసురు పట్టింది. వీధిలో పడుగు వేసే వీల్లేక ఊళ్ళో మగ్గాలన్నీ ఆగిపోయాయి, అందరూ సినిమాకి ఎగబడ్డారు. తడిసిన బట్టల వాసన, వేడి మిరపకాయ బజ్జీల వాసన కలిసిన హాల్లో, ఆడవాళ్ళ బెంచీ మీద అటు అమ్మ, ఇటు పిన్ని, నడుమ నేను. తెర మీద పెళ్ళికొడుకు నేతగాళ్ళ ఇంట్లో అడుగుపెట్టాడు. పెద్దవాళ్ళకి దండాలు పెట్టుకుంటూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. అంతే, అతను ఇంకా పడనే లేదు, హాలంతా నవ్వు. "పడతాడే, వీడు పడతాడే!" అని నేల టికెట్ల నుంచి ఎవరో ముసలమ్మ కేక. అందరికంటే గట్టిగా నవ్వుతున్నది మా పిన్ని. నా మీదుగా వాలి అమ్మ భుజం పట్టుకుని, "అక్కా, అచ్చం మా అన్నయ్యే!" అంది. అమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరి మధ్యా నలిగి నాకు ఊపిరాడలేదు. అంత సుఖంగా నేను మళ్ళీ ఏ సినిమా చూడలేదు. ఇంటికెళ్ళగానే రెండో పొయ్యి ఆరిపోయింది.

కాబట్టి విమర్శకుడుగారూ, మీరు చూసింది మనిషి పడటం. మేం చూసింది పడబోవడం. హాస్యమంతా ఆ కాస్త ఎడంలోనే ఉంది. దాన్ని మీరు వెకిలి అంటే నేను ఊరుకోను.

ఆ సమీక్షంతా ఫోన్లో పిన్నికి చదివి వినిపించి, ఆయన్ని నాలుగు తిట్లు తిడుతుందేమో అని చూశాను. "పోనీలేవే పాపం, ఇంట్లో గుంట ఉందని ఆయనకెవరు చెప్పారు?" అంది. వెనకాల అమ్మ నవ్వు వినబడింది.

మా మగ్గం గది ఇప్పుడు చీరల షాపు. గుంట పూడ్చి, తెల్లటి టైల్స్ పరిచి, పైన ఏసీ పెట్టారు. మా వీధిలో పడుగు ఆరేయడం చూసి ఎన్నాళ్ళయిందో, ఆ సినిమా హాలు ఫంక్షన్ హాలైంది. మొన్న చీర కోసం వెళ్ళినప్పుడు అమ్మా పిన్నీ షాపులో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. చీరలు చూడటానికొచ్చిన ఒక అమ్మాయి, ఫోన్లో ఎవరికో చీర రంగు చూపిస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ సరిగ్గా ఒకప్పుడు గుంట ఉన్న చోటుకి వచ్చింది. అమ్మా పిన్నీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నవ్వడానికి సిద్ధమైపోయారు.

ఆ అమ్మాయి పడలేదు.